మడకశిర దాటాక, డ్రెస్సింగ్ బండి పక్కన ఒక పూట

సువార్త ఫోన్ చేసిన రోజు నాకు ఎక్కడికీ కదిలే ఓపిక లేదు. అనంతపురంలో ఇరవై ఆరేళ్లు ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత మూడేళ్లుగా చిన్న ఆసుపత్రులు పిలిస్తే వెళ్లి, ఆసుపత్రిలో చేరాక రోగులకు అంటుకునే ఇన్ఫెక్షన్లను ఎలా ఆపాలో చెప్పి వస్తున్నాను. అందరూ తలూపుతారు, ఫోటో దిగుతారు, నేను బస్సెక్కగానే పని మళ్లీ పాత పద్ధతిలో మొదలవుతుంది. ఆ నెలలో అప్పటికే రెండు ఊళ్లు తిరిగి మోకాళ్లు వాచి ఉన్నాయి. సువార్త పదకొండేళ్ల కిందట నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు మడకశిర అవతల ఒక పల్లెలో ఉన్న చిన్న ధర్మాసుపత్రిలో హెడ్ నర్సు. ఊరి పేరు, ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. రెండు నెలల్లో నలుగురు బాలింతలకు ఆపరేషన్ కుట్లు చీము పట్టాయని, ఆపరేషన్ బాగానే జరుగుతోందని, నాలుగో రోజు దాటాక గాయం చెడుతోందని చెప్పింది. నేను ఇంకో వారం ఆగమన్నాను. అప్పుడు అసలు మాట చెప్పింది. "ఆయా ఓబులమ్మదే తప్పని అందరూ అంటాండారక్కా. శుభ్రంగా తుడవదంట, చేతులు కడుక్కోదంట. సోమవారం పనిలోంచి తీసేస్తారు. ఆయమ్మకు వేరే ఆధారం లేదు." ఆ రోజు బుధవారం. శుక్రవారం వస్తానన్నాను.

అనంతపురం నుంచి ఉదయం ఐదున్నరకు హిందూపురం వైపు వెళ్లే బస్సు ఎక్కి పెనుకొండలో దిగాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సులో కూర్చోవడానికి చోటు దొరకదు. ధర్మవరం అడ్డరోడ్డు దాటేదాకా నిలబడే ఉన్నాను. హైవేకి రెండు పక్కలా వేరుశనగ చేలు ఊడలు దిగే దశలోనే పసుపు తిరిగిపోయి ఉన్నాయి. పక్కన నిలబడిన రైతు ఒకాయన ఇరవై ఆరు రోజులుగా చినుకు లేదని, తనను ఎవరూ అడగకపోయినా, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. ఏడుంపావుకు పెనుకొండ చేరాం. బస్టాండు ఎదుట ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని టీ తాగాను. పొద్దున్నే ఇక్కడ తినేయడం మంచిది, తర్వాత మధ్యాహ్నం దాకా ఏమీ దొరకదు. ఏడు నలభైకి మడకశిర బస్సు వచ్చింది. దారి పొడవునా రాళ్ల గుట్టలు, మధ్య మధ్య మల్బరీ తోటల పచ్చదనం, రోడ్డు మీద గొర్రెల మందలు. మందకు దారి ఇచ్చేందుకు బస్సు మూడుసార్లు ఆగింది. తొమ్మిదికి ముందే మడకశిరలో దిగితే చుట్టూ సగం మాటలు కన్నడంలో వినిపించాయి.

అక్కడి నుంచి ఆసుపత్రికి ఆటో తప్ప వేరే దారి లేదు. మనిషికి ముప్పై రూపాయలతో నలుగురిని ఎక్కించుకుంటారు. నలుగురు పోగయ్యేదాకా ఆగలేనంటే నూట ఇరవై ఇచ్చి ఒక్కరే వెళ్లాలి. నేను రెండోదే చేశాను. ఆటో నడిపే బాబయ్య నన్ను అద్దంలో చూసి, చూపించుకోవడానికి పోతున్నానా అని అడిగాడు. కాదు, చూడటానికి అన్నాను. "ఆడికి ఇప్పుడు కాన్పులకు ఎవరూ పోతాండ్లేదమ్మా. అందరూ హిందూపురం పోతాండారు. మొన్న మా ఇంటిదాన్ని కూడా హిందూపురమే తీసుకపోతాంటే, దారిలోనే కాన్పయిపాయ" అన్నాడు. ఇంటిదానికీ బిడ్డకూ బాగుందా అని అడిగితే, ఇద్దరూ బాగున్నారని, కానీ ఆ గంటసేపు తాను బండి ఎట్లా నడిపాడో దేవుడికే తెలుసని చెప్పాడు. ఆసుపత్రి మీద నమ్మకం పోతే జరిగేది ఇదే. గాయం చీము పట్టిన వాళ్లు నలుగురే అయినా, దాని నొప్పి అక్కడికి వెళ్లడం మానేసిన ప్రతి ఇంటికీ చేరుతుంది.

తొమ్మిదిన్నరకు ఆసుపత్రి ముందు దిగాను. పది మంచాల ఆసుపత్రి. బోరు ఎండిపోయి వేసవి నుంచీ ట్యాంకరు నీళ్ల మీదే నడుస్తోంది. వరండాలో నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి. వాటిలోంచి బిందెలతో నీళ్లు తోడి లోపలికి మోస్తున్న యాభై ఏళ్ల మనిషే ఓబులమ్మ అని చూడగానే తెలిసింది, ఎందుకంటే ఆమె ఎదురుపడితే మిగతావాళ్లు మాట ఆపేస్తున్నారు. డాక్టరు గారు ముప్పై ఏళ్లు దాటని కోస్తా కుర్రాడు. రాత్రి నిద్ర లేని కళ్లతో, ఏం కావాలన్నా చూడమని చెప్పి ఓపీకి వెళ్లిపోయారు. ముందు థియేటర్ చూశాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పరికరాలను ఆవిరిలో శుద్ధి చేసే యంత్రం సరిగా పనిచేస్తోంది, మూటల మీద అతికించిన టేపుకు, ఆవిరి సరిగా తగిలితేనే కనిపించే నల్ల గీతలు స్పష్టంగా వచ్చాయి.

తర్వాత వార్డులో సుజాతను చూశాను. ఇరవై రెండేళ్ల పిల్ల, మొదటి కాన్పు, ఆపరేషన్ అయి పన్నెండు రోజులు. కుట్లు సగం విడిపోయి ఉన్నాయి. తీసిన గుడ్డ మీద ఆకుపచ్చ మరక, ఒకలాంటి తియ్యటి వాసన. ఆ వాసన నాకు తెలుసు. నీళ్లలో, తడిలో బతికే క్రిమి అది. బిడ్డను పక్కన పడుకోబెట్టుకోలేక, తన తల్లి చేతుల్లో ఉన్న బిడ్డను చూస్తూ ఉంది సుజాత. తల్లి నన్ను పెద్ద డాక్టరమ్మ అనుకున్నట్టుంది. "మందులు రాసిచ్చేది వద్దులేమ్మా, శానా అయినాయి. పిల్ల లేచి నడుస్తాదా లేదా, అది చెప్పు" అంది. నడుస్తుందన్నాను. ఆ మాట అనే హక్కు నాకు ఇంకా రాలేదని అంటున్నప్పుడే తెలుసు.

పది గంటలకు డ్రెస్సింగులు మొదలయ్యాయి. నేను స్టూలు అడిగి తీసుకుని, కట్టు సామాను పెట్టి మంచం మంచానికీ తోసుకెళ్లే బండి పక్కన కూర్చున్నాను. డ్రెస్సింగ్ చేసేది సువార్తే. చేతులు శుభ్రంగా రుద్దుకుంది, ప్రతి రోగికీ కొత్త గ్లౌజులు వేసుకుంది. ఆ చేతులను చూస్తుంటే నాకు గర్వంగానే అనిపించింది. మూడో మంచం దగ్గర గాయం కడిగే మందునీళ్లు సీసా అడుక్కి వచ్చాయి. సువార్త మాటల్లో పడి, అటు చూడకుండానే, పెద్ద క్యాను నుంచి కొంచెం పసుపు మందు సీసాలో పోసి, మూలనున్న బిందెలోంచి నీళ్లు నింపి, మూత బిగించి రెండుసార్లు ఊపింది. ఆ సీసా తీసుకుని మూత విప్పి మూతి లోపల వేలు తిప్పాను. లోపల జిగురుగా పాకుడు తగిలింది.

ఈ సీసా ఎప్పుడు కడిగారని అడిగాను. సువార్తకు ప్రశ్న అర్థం కాలేదు. "అది మందు సీసానే కదక్కా. మందులో క్రిములు యాడ బతుకుతాయి?" అంది. అడుగున మిగిలినది పారబోసి, కడిగి, ఆరబెట్టి కదా నింపాలి అన్నాను. ఆమె నిందేమీ లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు అంది: "మీరే చెప్పినారు కదా. మిగిలింది పారబోయొద్దు, మందు దొరికేదే కష్టం, దానిమీదే కలుపుకో అని."

చెప్పాను. నిజంగానే చెప్పాను. ఆ రోజుల్లో స్టోర్సు నుంచి మందు అరకొరగా వచ్చేది, పొదుపుగా వాడటమే మంచి నర్సు లక్షణమని నేను నమ్మేదాన్ని. తర్వాత కొన్నేళ్లకు ఒక శిక్షణలో తెలిసింది, నీళ్లు కలిపి పల్చబరిచిన మందులో కొన్ని క్రిములు చావవు సరిగదా పెరుగుతాయని, ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాని సీసా వాటికి ఇల్లవుతుందని. మర్నాడే మా థియేటర్ సీసాలన్నీ కడిగించాను. అంతకు ముందు నా దగ్గర నేర్చుకుని వెళ్లిపోయిన వాళ్లు మాత్రం నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అనంతపురంలో బోరు నీళ్లు శుభ్రంగా ఉండబట్టి ఏళ్ల తరబడి దాగిన ఆ తప్పు, ఇక్కడ ట్యాంకరు నీళ్లు, ఎండలో కాగిన డ్రమ్ములు తోడయ్యేసరికి బయటపడింది.

ఆ సీసా పక్కన పెట్టించి, మిగిలిన డ్రెస్సింగులు మరిగించి చల్లార్చిన నీళ్లతో, కొత్త సీసాతో చేయించాను. మధ్యాహ్నం డాక్టరు గారి గదిలో సువార్తను, ఓబులమ్మను పిలిపించి జరిగింది చెప్పాను, అది నేను నేర్పిందేనని కూడా. ల్యాబు రిపోర్టు లేకుండా సీసాదే తప్పని ఎలా అంటారని డాక్టరు గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే రిపోర్టు లేకుండా ఓబులమ్మదే అని ఎలా అనుకున్నారని నేను అడిగాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. సోమవారం ఎవరినీ తీసేయడం లేదని, నమూనాలు తానే తీసి ఇస్తానని చెప్పారు.

ఓబులమ్మ సంతోషిస్తుందని అనుకున్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని సువార్త వైపు తిరిగింది. "చేతులు కడుక్కోలేదంటిరి. ఈడికొచ్చే నీళ్లన్నీ మోసేది నేను. రోగులకు చాలవని నా మొగం కూడా ఇంటికి పోయే కడుక్కుంటి. సీసా అయితే కడుగుతారు సిస్టరూ. నెల దినాలు నన్ను చూసిన చూపు యాడ కడుగుతారు?"

సువార్త ఏడ్చింది. మొట్టమొదట ఓబులమ్మ పేరు ఎత్తింది తానేనని, గాయాలు ఎందుకు చెడుతున్నాయో తెలియక భయంతో అన్నానని డాక్టరు ముందే ఒప్పుకుంది. ఓబులమ్మ ఆ మాట విని, క్షమించానని గానీ లేదని గానీ చెప్పకుండా, డ్రమ్ములు నిండే వేళయిందని వెళ్లిపోయింది. కాసేపటికి చూస్తే సువార్త రెండో బిందె పట్టుకుని వరండాలో ఉంది.

నాలుగు గంటల బస్సుకు బాబయ్య ఆటోలోనే మడకశిర వచ్చాను. సీసాలోని నీళ్లు, సుజాత గాయం నుంచి తీసిన దూదిపుల్ల చిన్న ఐసు పెట్టెలో ఉన్నాయి. పెనుకొండలో ఎక్కిన బస్సులో చోటు దొరికింది. పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఎనిమిదికి అనంతపురం చేరేదాకా ఎవరినీ తగలనివ్వలేదు. పక్కావిడ అందులో చేపలా అని అడిగింది. మందులన్నాను. తొమ్మిది రోజులకు ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. సీసాలోనూ గాయంలోనూ ఒకటే క్రిమి. దానికి పనిచేసే మందు పేరు కూడా అందులో ఉండటంతో సుజాత చికిత్స మారింది. ఐదో వారంలో ఆమె నడిచి ఇంటికి వెళ్లింది. ఇంకో కాన్పు గురించి ఇప్పట్లో ఆలోచించవద్దని డాక్టరు చెప్పారట. ఓబులమ్మ పనిలోనే ఉంది. సువార్తతో పని మాటలు తప్ప మాట్లాడదట. ఆ తర్వాత మూడు నెలల్లో ఎవరికీ కుట్లు చెడలేదు. బోరులో నీళ్లు మాత్రం రాలేదు.

ఇలాంటి ప్రయాణాల్లో నేను ఎప్పుడూ నేర్పేదానిలా వెళ్లి అలిసిపోయి తిరిగొస్తాను. ఈసారి అలసట వేరు. మనం ఒకప్పుడు మంచి మనసుతో నేర్పిన తప్పు మనకంటే ఎక్కువ దూరం ప్రయాణం చేసి, మనం ఎన్నడూ చూడని పల్లెలో, పేరు తెలియని పిల్ల పొట్ట మీద దిగుతుంది. నా దగ్గర పనిచేసి వెళ్లిన వాళ్ల నంబర్లు వెతికి రోజుకు ఇద్దరికి ఫోన్ చేస్తున్నాను. కొందరు ఎప్పుడో మార్చుకున్నామన్నారు. ఒకామె విని ఫోన్ పెట్టేసింది. రెండు నంబర్లు ఇప్పుడు వేరేవాళ్ల దగ్గర ఉన్నాయి. ఆ ఇద్దరి కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

మీరూ ఇలాంటి ఆసుపత్రికి వెళ్లేవాళ్లయితే ఒక్క సలహా. మొదటి బస్సుకే బయలుదేరండి. డ్రెస్సింగులు పదికి మొదలై పదకొండున్నరకు అయిపోతాయి, ఆ తర్వాత వెళితే కడిగిన నేల, సర్దిన బండి తప్ప ఏమీ కనబడవు. వెళ్లాక ఒక స్టూలు అడగండి. ఎవరిది తప్పో అప్పటికే మీకు చెప్పి ఉంటారు, దాన్ని పక్కన పెట్టి సీసా ఖాళీ అయ్యేదాకా కూర్చోండి.