లంగా మడత

"అవ్వా, నా నిక్కరు ఆరిందా? రేపు పరుగు పందేలుండాయి!" అని మనవరాలు అరిచింది. తీగ మీది ఆ జానెడు గుడ్డను చూస్తే, తారానగర్‌లో అమ్మ కుట్టిన లంగా గుర్తొచ్చింది. ఎదిగే పిల్లకు ఏటా కొత్తది కొనకుండా, పొడవుగా కుట్టి అంచు పైన మడత వేసేది.

బడిలో పందెం ముందురోజు, "కాళ్ళకు తగుల్తాండాదిమా, ఇంకో మడత వెయ్యి" అన్నాను. అమ్మ ఉన్న మడతనే విప్పేసింది. లంగా పాదాల మీద పడింది.

"నేను ఓడిపోవల్లనే కదా!" అని ఏడ్చాను.

"ఏడ్సింది సాలు, పండుకో" అంది.

పొద్దున నాయన నన్ను గడపలో ఆపి, కాళ్ళవైపు చూశాడు. "కాళ్ళు కనపడకుండా ఉండాది. సరే, పో" అన్నాడు.

లంగా బొడ్లో దోపుకొని, అమ్మ మీద కోపంతోనే పరుగెత్తి గెలిచాను. ఆ కుట్టు నాయన కోసం విప్పిందని, నా కూతుళ్ళు బడికి పోయేనాటికి గానీ నాకు అర్థం కాలేదు.