అమ్మ వైపు భూమి

మా మేడ మీది గది కిరాయికి తీసుకున్న పిల్లది ఇండోనేసియా. శంషాబాద్ విమానాశ్రయంలో విమానాలు బాగుచేసే చోట ఇంజనీరుగా చేస్తుంది. ఏ ఊరు తల్లీ అని అడిగితే, సుమత్రా దీవిలో పడమటి కొండల వైపు, మినాంగ్‌కబావ్ వాళ్లం అంది. బడిలో పదిహేనేళ్లుగా సోషల్ చెబుతున్నదాన్ని, ఆ పేరే ఎన్నడూ వినలేదు. విన్నట్టు తలూపాను. నా సంగతే అంత, తెలియదని ఒప్పుకోవడం నాకు చచ్చినా చేతకాదు.

నన్ను ‘ఊని’ అని పిలిచేది. వాళ్ల భాషలో అక్క అని. సగం హిందీ, సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్లం. మా ఇంట్లో పెద్దకూర వండొద్దని ముందే చెప్పాను. ఏమీ అనుకోకుండా మటన్ తెచ్చి, కొబ్బరిపాలలో వేసి, నీరంతా ఇగిరి నల్లగా అయ్యేదాకా నాలుగు గంటలు కలుపుతూనే కూర్చుంది. వాళ్ల పెళ్లిళ్లలో ఇది లేకుండా విస్తరి వెయ్యరట. మా ఆయన రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.

సాయంత్రాలు మేడ మీద బట్టలు తీస్తూ తన ఊరి కబుర్లు చెప్పేది. మంటలు చిమ్మే కొండ ఒకటుందట, తమ పెద్దలంతా దాని మీంచే దిగి వచ్చారని వాళ్ల నమ్మకం. వాళ్ల పెద్దిళ్లకు పైకప్పు రెండు చివరలా బర్రె కొమ్ముల్లా పైకి లేచి ఉంటుంది. ఇల్లు ఆడవాళ్లది. పొలం ఆడవాళ్లది. మన ఇంటిపేరులాంటిది తల్లి నుంచే వస్తుంది. పెళ్లయితే మొగుడే వచ్చి పెళ్లాం ఇంట్లో ఉంటాడు. మగపిల్లలు కాస్త ఎదగ్గానే నమాజు చదువుకునే చోట పడుకుని, తర్వాత సంపాదనకు దేశాలు పట్టి పోతారు. మరి ముస్లింలు కదా మీరు అంటే, అవును, అదీ పాటిస్తాం ఇదీ పాటిస్తాం అని నవ్వింది.

“మరి అన్నదమ్ములు ఏం చేస్తారు?” అన్నాను.

“మా అమ్మ తమ్ముడే మాకు పెద్దదిక్కు. అక్కచెల్లెళ్ల భూమిని కాపాడేది ఆయనే. మా చదువులు, పెళ్లిళ్లు అన్నీ ఆయన చూడాలి.”

మేనమామ అన్నమాట, అనుకున్నాను. ఆ వారంలోనే మా అన్న ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

రన్‌వే గోడకు అవతల మాకు ముప్పై గుంటల చెల్క ఉండేది. వానకు పండే ఎర్రనేల, కందులు వేసేవాళ్లం. అమ్మకు ఆమె తల్లి పసుపు కుంకుమ కింద ఇచ్చింది. అమ్మ పోయాక నాకూ అన్నకూ మిగిలింది. గగన్‌పహాడ్‌లో గోదాములున్న ఒకతను దాన్ని అమ్మమని అడిగాడు.

“చెల్లే, మంగళారం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రా. ఒక్క సంతకమే.”

“ఎందుకన్నా అమ్ముడు? నీకేం తక్కువైంది?”

“తక్కువైతేనే అమ్ముతరా? చుట్టుముట్టు అందరు అమ్మిండ్రు. మనదొక్కటే నడిమిట్ల మిగిలింది. నీ వంతు నీకిస్త, నేనేం మింగ.”

“నా సగం నాకు ఉంచు. పైసలొద్దు.”

“సగం ముక్క వాడేం చేస్కుంటడు?” వెంటనే మాట మార్చాడు. “బిడ్డ ఫంక్షన్ పెట్టుకున్నవ్ గద. మేనమామ రావాల్నా వద్దా? ఆలోచన చేస్కో.”

నా బిడ్డకు పదమూడేళ్లు. వచ్చే నెలలో లంగా ఓణీ ఫంక్షన్. మాలో మేనమామ బట్టలు తెచ్చి, పూలదండ వెయ్యందే పిల్లను పీట మీద కూర్చోబెట్టరు. ఆయన రాకపోతే నలుగురూ ఏమంటారో నాకు తెలుసు. పోయినేడు మా వీధిలోనే ఒక పిల్లకు మేనమామ రాలేదు. భోజనాల దగ్గర అందరూ ఆ మాటే. ఆ గుసగుసల్లో నా గొంతూ ఉంది.

మా ఆయనకు చెబితే, మీ అన్నాచెల్లెళ్ల మధ్యకు నన్ను లాగకు అన్నాడు. ఎవరికి చెప్పుకోను? మేడెక్కి కిరాయి పిల్లకు చెప్పుకున్నాను.

తనకు ముందు అర్థం కాలేదు. “మీ అన్న అమ్మడమేంటి? అది మీది కదా.” తర్వాత నెమ్మదిగా చెప్పింది. తల్లి వైపు భూమిని వాళ్లు అమ్మరు. తాకట్టయినా నాలుగు ఆపదల్లోనే పెడతారు. ఇంట్లో శవాన్ని సాగనంపడానికి డబ్బు లేనప్పుడు, ఈడొచ్చిన పిల్లకు పెళ్లి కానప్పుడు, పెద్దింటి కప్పు కురుస్తున్నప్పుడు, వంశంలో పెద్దరికం నిలబెట్టాల్సి వచ్చినప్పుడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగింట్లో ఒక్కటీ మాకు లేదు. పొద్దున్నే అన్నకు ఫోన్ చేసి ఆ నాలుగూ అప్పజెప్పాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి, పాఠం చెబితే మనిషి మారతాడనుకున్నాను.

“గివన్ని బడిల పిల్లలకు చెప్పు. గది వాళ్ల దేశం,” అన్నాడు.

మంగళవారం వెళ్లాను. దారిపొడుగునా ఆటోను వెనక్కి తిప్పించాలనే ఉంది. ఆఫీసులో గుమాస్తా కాగితాలు ముందుకు జరిపి, ఇష్టపూర్వకంగానే చేస్తున్నరా అమ్మా అని అడిగాడు. ఆ ఒక్క మాట అడిగిన మనిషి అతనొక్కడే. కాదు అంటే చాలు, అంతా ఆగిపోయేది. అన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. “అవును సార్” అన్నాను. సంతకం వంకరగా వస్తే ఇంకోసారి పెట్టించారు.

ఫంక్షన్ మా మేడ మీదే, షామియానా వేసి. అన్న మాట తప్పలేదు. పట్టు లంగా, ఓణీ, గాజులు, పళ్ల పళ్లేలు పట్టించుకుని వచ్చి, నా బిడ్డ మెడలో దండ వేసి, తల మీద చెయ్యి పెట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి దొంగ ఏడుపులు కావు. అందుకే అతన్ని తిట్టుకోవడానికి కూడా నాకు నోరు రాలేదు. మంచి మేనమామ అని అందరూ అన్నారు.

కిరాయి పిల్ల తలకు కొత్త గుడ్డ చుట్టుకుని వచ్చి, ఇదంతా చూసి మురిసిపోయింది. భోజనాల దగ్గర నా బిడ్డ పక్కన కూర్చుని హిందీలో అడిగింది. “మీ మామ కూడా మా మామలాంటివాడే. మీకోసం ఏ భూమి చూసుకుంటాడు?”

నేను గరిటె పట్టుకుని ఆ వరసలోనే వడ్డిస్తున్నాను. భూమి పోయిందని ఆ పిల్లకూ చెప్పలేదు, నా బిడ్డకూ చెప్పలేదు.

“రన్‌వే గోడ అవతల చెల్క ఉంది ఆంటీ,” అంది నా బిడ్డ, గాజుల చెయ్యి అటు చూపిస్తూ. “అమ్మమ్మ చెప్పింది. అమ్మ తర్వాత అది నాదే. ఆదివారం తీసుకుపోయి చూపిస్తా.” తర్వాత ఎదురు వరసలో తింటున్న అన్న వైపు తిరిగింది. “గంతే గద మామా?”

అన్న ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. నా వైపు చూశాడు. అప్పటికి సంతకం పెట్టి పదకొండు రోజులు. ఒక్క పూట మేనమామ కోసం నా బిడ్డ నేలను దాన్ని అడగకుండానే ఇచ్చేశాను.

“గంతే బిడ్డా, తిను,” అన్నాను నేను.