గండిపేట పడవకు రెండు లివర్లు

1969. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మొయినాబాదులో రోడ్డు పక్కన నాకొక చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. చేవెళ్ల నుంచి చిల్కూరు దాకా ఏ బావి మీద ఆయిల్ ఇంజన్ మొరాయించినా రైతులు నా దగ్గరికే వచ్చేవారు. నీళ్లు తోడే ఇంజన్లు తప్ప నీళ్ల మీద తిరిగే ఇంజన్‌ను నేను కళ్లతో చూసింది లేదు.

ఒకరోజు గండిపేట చెరువు పక్కన తోట ఉన్న వకీలు గారొకరు నాకోసం కారు పంపించారు. ఆయనకు తెరచాప పడవ పిచ్చి. ఎవరో వాడి వదిలేసిన పడవను బొంబాయి నుంచి లారీ మీద తెప్పించుకున్నారు. గాలి ఉన్నంతసేపు చాపే నడిపిస్తుంది. గాలి పడిపోయినా, ఒడ్డుకు చేరాలన్నా లోపల ఉన్న పాత డీజిల్ ఇంజన్ కావాలి. చాప సంగతి ఆయన చూసుకునేవారు, ఇంజన్ సంగతి దావీదు.

దావీదుది ముడిమ్యాల. ఏళ్ల తరబడి ఒక ఆసామి బావి దగ్గర ఆయిల్ ఇంజన్ నడిపాడు. అక్కడ కరెంటు మోటారు పెట్టేసరికి పని పోయి, ఈ పడవ మీదికి వచ్చాడు. వచ్చిన దగ్గర నుంచీ ఒకటే గొడవ. ఒడ్డుకు రాగానే పడవ ఆగకుండా రాతి మెట్లకు పోయి కొట్టుకుంటున్నది. ముందు చెక్క పగిలింది కూడా.

"గేర్ల తప్పున్నదో, మనిషిల తప్పున్నదో చూసి చెప్పు. గేరుదైతే కొత్తది ఏపిస్త. ఇంకోసారి తగిలిందంటే మాత్రం ఈయనకు సెలవు," అన్నారు వకీలు గారు. దావీదు పక్కనే నిలబడి వింటున్నాడు. తిరిగి పోదామంటే బావి దగ్గర ఆ పని ఇప్పుడు లేదు.

పడవలోకి దిగి చూస్తే రెండు లివర్లు కనిపించాయి. ఒకటి థ్రాటిల్, ఇంజన్ తిరిగే వేగాన్ని, అంటే రేసును, పెంచేది, తగ్గించేది. లారీలో కాలు తీస్తే రేసు దానంతటదే తగ్గుతుంది. ఇది ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. రెండోది గేరు. ముందుకు తోస్తే పడవ ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి, నడుమ న్యూట్రల్. పడవకు బ్రేకు లేదు. ఆగాలంటే గేరు వెనక్కి వేయడమే దిక్కు. నాకు భలే సరదా పుట్టింది. బండిని వెనక్కి నడిపి ఆపడం అంతకుముందు ఎక్కడా వినలేదు.

గేరు పెట్టె విప్పాను. నూనె శుభ్రంగా ఉంది, ఒక్క పన్ను విరగలేదు. పడవను గుంజకు కట్టి నేనే గేరు వేశాను. వెన్నలా పడింది. అయినా పాత సామాను కదా, లోపల ఏదో అరిగి ఉంటుందనుకుని విడిభాగాలకు సిటీకి పోదామనుకున్నాను. బందుల వల్ల బస్సుల్లేవు, దుకాణాలన్నీ మూశారు. ఇంటికి పోబుద్ధి కాలేదు. ఆ పడవ నన్ను పట్టుకుంది.

"అన్నా, ఊకె కూసునుడెందుకు, నీళ్లల్లకు పోదాం పా. నువ్వెట్ల నడుపుతవో జూస్త," అన్నాను దావీదుతో.

చెరువు మధ్యలోకి పోయాం. "ఇప్పుడు ఒడ్డొచ్చిందనుకో. ఆపు," అన్నాను. దావీదు చెయ్యి ముందు థ్రాటిల్ మీదికి పోయి రేసు పెంచింది. ఆ మోత మీదే గేరు వెనక్కి లాగాడు. పెట్టె గర్రుమని అరిచింది, ఇంజన్ ఢక్కున ఆగిపోయింది. పడవ మాత్రం తన మానాన పోతూనే ఉంది.

"చూసినవా? గిట్లనే బందైతది," అన్నాడు నీరసంగా.

"రేసు ఎందుకు పెంచినవన్నా?"

"బరువు మీద పడ్తది గద. గుంజుకోవాలె గద. బందైనకొద్దీ జర ఎక్కువనే ఇస్తున్న."

నాకు నవ్వు, దిగులు కలిసే వచ్చాయి. బావి ఇంజన్‌కు బెల్టు ఎక్కించే ముందు రేసు పెంచాలి, లేకపోతే పంపు బరువుకు ఇంజన్ ఆగిపోతుంది. ఈ మాట ఎంతమంది రైతులకో నేనే నేర్పాను. ఇక్కడ పడవ కింద నీళ్లలో ముందుకు తిరిగే పంకాను ఒక్కసారిగా వెనక్కి తిప్పాలి. రేసు ఎంత ఎక్కువుంటే దెబ్బ అంత గట్టిది. పాపం, దావీదు తప్పు దిద్దుకుంటున్నాననుకుని ఇంకా పెంచుకుంటూ పోయాడు.

ముందు రేసు తగ్గించు, న్యూట్రల్లో కాస్త ఆగు, తర్వాత గేరు వెనక్కి వేసి మెల్లగా రేసు ఇవ్వు అని చెప్పాను. "సరే" అంటాడు, చెయ్యి మాత్రం థ్రాటిల్‌ను పైకే తోస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. పొద్దు వాలుతున్నది, నాకు విసుగొచ్చింది. అప్పుడు అడిగాను. "బావి కాడ ఇంజన్ బందువెట్టాలంటె ఏం జేస్తుంటివి?"

"రేసు తగ్గిస్తుంటి. సప్పుడు సల్లబడినంక బెల్టు తీస్తుంటి."

"గేరు ముట్టినప్పుడల్లా బందువెడ్తున్ననుకో."

దావీదు చెయ్యి థ్రాటిల్ మీద పెట్టి కిందికి దించాడు. ఇంజన్ చప్పుడు నెమ్మదించేదాకా విన్నాడు. అప్పుడు గేరు వెనక్కి వేశాడు. పడవ నెమ్మదించి, నిలబడింది. ఇంకోసారి చేస్తానన్నాడు, ఆ తర్వాత మళ్లీ. చీకటి పడుతున్నా దిగనివ్వలేదు మహానుభావుడు.

రోడ్లు తెరిచాక వకీలు గారు వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. దావీదు పడవను నేరుగా ఆయన వైపే తెచ్చాడు. రేసు తగ్గింది, చప్పుడు చల్లబడింది, గేరు వెనక్కి పడింది. మెట్లకు జానెడు దూరంలో పడవ ఆగింది.

"శభాష్. గేరుల ఏం మార్చినవు?" అని వకీలు గారు నన్నడిగారు.

నిజం చెబితే ఇతని పని పోతుందేమోనని నేను నీళ్లు నమిలాను. దావీదే అందుకున్నాడు. "గేరుల ఏం మార్చలే సాబ్. తప్పు నాదే. నా చెయ్యి మార్చిండు."

వకీలు గారు పగిలిన చెక్కను, ఆ జానెడు నీళ్లను, దావీదును చూశారు. "రేపు మా పిల్లల్ని తీస్కొస్త. నువ్వే నడుపు," అన్నారు. దావీదు తల ఊపాడు. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత ఇంజన్ పాడైందని ఎవరొచ్చినా, పానా పట్టుకునే ముందు, "నువ్వొకసారి నడుపు, నేను చూస్త," అనడం నాకు అలవాటైంది.