తాకిందా, తాకలేదా

రంగులు వేసే ఆయన్ని అందరూ మైకు మేస్త్రీ అనేవారు. కింద రంగు ఎలా కలపాలో పరంజా మీంచే అరిచి చెప్పే గొంతు ఆయనది. ఒకరోజు ఆ పరంజా మీంచే పడ్డాడు. వెన్నుపాము నలిగింది. నడుం కింద ఉన్నదేదీ తనది కాదన్నట్టయింది.

ఏడాది గడిచాక పెద్దాసుపత్రి డాక్టరమ్మ మూలకణాల చికిత్స గురించి చెప్పింది. ఆయన తుంటి ఎముకలోంచే మజ్జ తీసి, అందులోని మూలకణాలు వేరుచేసి, దెబ్బ తగిలినచోట ఎక్కిస్తారట.

"నడుస్తానా అమ్మా?"

"ఇదింకా పరీక్షల్లోనే ఉందండీ. కొందరికి కాస్త స్పర్శ వచ్చింది, కొందరికి ఏమీ రాలేదు. మీకెలా ఉంటుందో మాకూ తెలీదు."

డాక్టరే తెలీదంటే ఇంకెవరిని అడగాలో ఆయనకు పాలుపోలేదు. బట్టలు కుట్టే భార్య మాత్రం, "మీ ఎముకలోదే కదండీ, పరాయిది కాదుగా" అంది. సరేనన్నాడు.

చికిత్స అయిన కొన్ని వారాలకు ఎడమకాలు ఎగిరిపడింది. భార్య మిషను వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వ్యాయామం చేయించే ఆయన చూసి, "ఇది కండరాలు బిగుసుకోవడమమ్మా, ఇంతకుముందూ ఉండేదిగా" అన్నాడు. ఆమె మొహం చిన్నబోయింది.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం తొడమీద ఏదో పాకినట్టయింది. నవ్వుతుందేమో అనుకుంటూనే భార్యకు చెప్పాడు. ఆమె ఆయన కళ్లకు గుడ్డముక్క కట్టి, కొలత టేపు కొసతో తాకిస్తూ ఏ తొడో చెప్పమంది.

"ఇప్పుడు?"

"కుడి."

నిజమే.

"ఇప్పుడు?"

"ఎడమ."

అదీ నిజమే.

"మరిప్పుడు?"

"మళ్లీ కుడి."

"నేనసలు ముట్టుకోనేలేదండీ!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక, ఏమనుకోవాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

డాక్టరమ్మ సూదితో గుచ్చి చూసి, తొడపైన కొంత స్పర్శ వచ్చిన మాట నిజమేనంది.

"ఆ కణాల వల్లేనా?"

"కావచ్చు. వ్యాయామం వల్లా కావచ్చు. దానంతటదే వచ్చి ఉండొచ్చు కూడా. ఫలానా దానివల్లే అని చెప్పలేను."

స్పర్శ తొడ దాటి కిందికి దిగలేదు. నడక రాలేదు. ఇప్పుడాయన చక్రాల కుర్చీలో కూచుని రంగుల దుకాణంలో షేడ్లు కలుపుతున్నాడు. ఈమధ్య ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. ఆమె తమ్ముడు మేడమీంచి పడ్డాడట.

"వాడికీ ఆ చికిత్స చేయించమంటారా అన్నా?"

ఆయన జరిగిందంతా చెప్పాడు, తాకకుండానే తాకిందన్న సంగతి కూడా దాచలేదు. చేయించమనడానికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు.

"మీకైతే మంచే జరిగిందిగా?" అని ఆమె నిలదీసింది.

"మంచేననుకుంటానమ్మా. పొద్దున్నే తొడ గిల్లుకుని చూస్తా. ఒక్కోరోజు నొప్పెడుతుంది. ఆ రోజు ఎంత హాయిగా ఉంటుందో!"