బెల్టుకు బొట్టు పెట్టిన దసరా

2004 ఆగస్టులో నన్ను తిరుపతి నుంచి చిత్తూరు బ్రాంచికి సర్వీస్ సూపర్‌వైజరుగా వేశారు. మాది స్కూటర్ల డీలరు వర్క్‌షాపు. అక్కడ హెల్పరు మీద మెకానిక్, మెకానిక్ మీద హెడ్ మెకానిక్, ఆయన మీద సూపర్‌వైజరు, ఆపైన మేనేజరు, అందరి నెత్తిమీదా కస్టమరు ఉంటారు. చేతికి గ్రీజు అంటకుండా జీతం తీసుకునే మెట్లలో మొదటిది సూపర్‌వైజరుది. అంతకుముందు తిరుపతిలో నేను గేర్లు లేని స్కూటర్లకు మార్చిన బెల్టులన్నీ ముడేస్తే ఏడుకొండలకూ పదకొండు చుట్లు వస్తాయి. పెంచి చెబుతున్నానని మీకు అనుమానముంటే పది చుట్లు అనుకోండి, అంతకు తగ్గను.

చిత్తూరు షెడ్డులో హెడ్ మెకానిక్ మునిరత్నం. పాతికేళ్లు లారీల కింద పడుకుని పనిచేసి మా దగ్గరికి వచ్చినవాడు. ఆయన గొంతెత్తి స్పానరు అడిగితే వేలూరులో ఎవరో తెచ్చిస్తారు. ఆయనకు గ్రీజు మీద భక్తి. "ఇనుము ఎండకూడదు సార్, ఎండితే ఏడుస్తాది" అనేవాడు. నేను చేరిన వారంలోగా నా కుర్చీ చక్రాలకూ, ఆఫీసు తలుపు బందులకూ, చివరికి మేనేజరుగారి గొడుక్కీ గ్రీజు పెట్టాడు. ఆ గొడుగు తర్వాత ఎన్నడూ తెరిచినచోట నిలబడలేదు.

సెప్టెంబరు మధ్యలో ఒక ట్రాక్టరు ట్రాలీ మా గేటు ముందు ఆగింది. ట్రాలీలో నాలుగు లావుపాటి చక్రాలున్న మోటారుసైకిలు లాంటి బండి. ఇప్పుడు రిసార్టుల్లో పిల్లలు కూడా తొక్కుతున్నారు కానీ, ఆనాటికి చిత్తూరులో అది ఏనుగు పిల్లంత వింత. అరగంటలో రోడ్డుకు అడ్డంగా జనం. ట్రాక్టరు మీంచి కుడికాలు కర్రలా చాపుకుని దిగినాయన చెంగల్రాయుడు. ఐరాల పక్కన గుట్ట వాలులో పద్దెనిమిది ఎకరాల మామిడితోట ఆయనది. ఆరునెలల కింద గట్టుమీంచి జారి మోకాలు విరిగింది. పుత్తూరు కట్టుతో ఎముక అతుక్కుంది కానీ అరవై రెండేళ్ల వయసు అతుక్కోలేదు. చదును మీద నడుస్తాడు, గుట్ట మాత్రం ఎక్కలేడు. అందుకని చెన్నైలో ఎవరో వాడి వదిలేసిన ఈ బండి కొనుక్కొచ్చాడు. వచ్చీరాగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"వేగం కావాలప్పా. ఈ బండి గుట్ట సగానికి పోయి నిలబడతా ఉండాది. నిన్న మా బావమరిది బీడీ కాల్చుకుంటా దీన్ని దాటిపోయినాడు. పోతా పోతా నిప్పు కావాల్నా బావా అని అడిగినాడు."

అసలు విషయం టీ తాగుతూ చెప్పాడు. ఆయన భార్య రాజమ్మ తోటను గుత్తకిచ్చేద్దామంటోంది. గుత్తంటే ఏడాదికింతని మాట్లాడుకుని తోట పరాయిచేతికి అప్పగించడం. ఆ పరాయి చెయ్యి కూడా సిద్ధంగా ఉంది. బీడీ కాల్చిన గోవిందస్వామిదే, అంటే రాజమ్మ సొంత తమ్ముడిదే. ముప్పైయ్యేళ్లు రోజూ పొద్దున పైతోట దాకా నడిచి, ఒక్కో చెట్టునూ పేరు పెట్టి పలకరించి వచ్చిన మనిషికి అది తోట పోవడం కాదు, పొద్దే లేకుండా పోవడం. చివరికి రాజమ్మ ఒక పందెం పెట్టింది. విజయదశమి నాడు ఆమె రాగిసంగటికి ఎసరు పెడుతుంది. ఆయన ఒక్కడే బండెక్కి పైతోటకు పోయి, మామిడికొమ్మ విరుచుకుని, ఆమె ముద్ద చేసేలోగా దిగి రావాలి. వస్తే తోట ఆయనది, రాకపోతే గుత్త. తోడు ఎవరూ పోకూడదు.

"ఐదు వారాలుండాది. చేస్తావా?"

చేస్తానన్నాను. రోడ్డు మీద రెండొందల మంది చూస్తుండగా చెయ్యనని ఏ సూపర్‌వైజరు అంటాడు?

మా స్కూటర్లలో ఉన్న ఏర్పాటే ఆ బండిలోనూ ఉంది, కొంచెం కండపట్టి. ఇంజను వైపు ఒక పుల్లీ, చక్రం వైపు ఇంకొకటి, రెంటినీ కలుపుతూ బెల్టు. ఇంజను పుల్లీ అంటే ఎదురెదురుగా పెట్టిన రెండు పళ్లేలు. ఒక పళ్లెం వెనకాల ఆరు రోలర్లుంటాయి, బొటనవేలి కణుపంత. ఇంజను తిరిగేకొద్దీ రోలర్లు అంచుకు పరిగెత్తి పళ్లేన్ని నెడతాయి. పళ్లేలు దగ్గరయితే మధ్యలోని బెల్టు పైకెక్కుతుంది. గేర్ల బండిలో టాప్ గేరు వేసినట్టన్నమాట. రోలర్లు బరువైతే ఈ ఎక్కడం తొందరగా జరుగుతుంది. కవరు విప్పి చూస్తే, ముందటి యజమాని చదును రోడ్డు మీద ఎగరడానికని రాళ్లలాంటి రోలర్లు వేయించుకున్నాడు. అంటే మన చెంగల్రాయుడు పాపం ఇన్నాళ్లూ టాప్ గేరులో గుట్ట ఎక్కుతున్నాడు.

రోలర్ల బరువు తగ్గించాలన్నాను. మునిరత్నం అదోలా చూశాడు.

"బరువు తగ్గిస్తే బలం తగ్గదా సార్? సద్దిముద్ద తగ్గిస్తే ఎద్దు గుట్టెక్కుతాదా?"

"ఎద్దు మీద మూట తగ్గిస్తున్నాం, ముద్ద కాదు."

"ఏమో సార్. మీరు సదువుకున్నోళ్లు" అన్నాడు. ఆ మాట ఆయన నోట తిట్టు.

రోలర్లను లేతు మీద లోపల తొలిపించాం. చిక్కేమిటంటే ఆరూ ఒకే బరువుండాలి, ఒక్కటి తేడా వచ్చినా పళ్లెం వంకరగా కదిలి బెల్టును తినేస్తుంది. గ్రాములో సగం కనిపెట్టే తూకం మా షెడ్డులో ఎక్కడిది? బజారువీధిలో కంసాలి ఆచారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, రోలరును త్రాసులో పెట్టి, ఇది ఏం నగ అప్పా, యాడ పెట్టుకుంటారు అని అడిగాడు. బండి పెట్టుకుంటుందన్నాను. ఆయన నవ్వలేదు. సాయంత్రం దాకా కూర్చుని, ఆకురాయితో ఒక్కోదాన్నీ గీకి, ఆరింటినీ గురివింద గింజంత తేడా లేకుండా తేల్చాడు. తాళిబొట్టుకు కూడా ఆయన అంత శ్రద్ధ పెట్టి ఉండడు. వెనక పుల్లీ స్ప్రింగు ఒక మెట్టు గట్టిది వేశాను, ఎత్తు మీద బెల్టు తొందరపడి పైకెక్కకుండా.

ఆ తర్వాత పూతలపట్టు రోడ్డు మీద ట్రయలు. యాక్సిలరేటరు తిప్పాను. అంతే, నా కడుపు చిత్తూరులో ఉండిపోయింది, నేను మాత్రం ముందుకు పోయాను. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరు నాకు దండం పెట్టాడో, తనకు తానే పెట్టుకున్నాడో తెలియదు. రోడ్డు పక్క మిట్ట మీదికి తిప్పితే నాలుగు చక్రాలూ మట్టి లేపుకుంటూ, గొర్రెపొట్టేలు గోడెక్కినట్టు ఎక్కేసింది. వెనక కూర్చున్న మునిరత్నం దిగి, కాసేపు రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చున్నాడు. తర్వాత "సదువు మంచిదే సార్" అన్నాడు. చెంగల్రాయుడు మాత్రం చిన్నపిల్లాడయిపోయాడు. చాపిన కాలితోనే ఎక్కి, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ పెట్రోలు అయిపోయేదాకా దిగలేదు. ట్రయలు అయ్యాక బండిని మళ్లీ విప్పి చూసి బిగించేటప్పుడు పక్కన స్టూలేసుకుని, ప్రతి బోల్టుకూ ఇదెందుకు, అదెందుకు అని అడిగేవాడు. నా బుర్ర తినేస్తున్నాడనిపించినా జవాబు చెప్పాను.

మహర్నవమి నాడు ఆయుధపూజ. మా వైపు ఆ రోజు స్పానరు దగ్గర్నుంచి లారీ దాకా అన్నిటికీ గంధం, కుంకుమ, బొరుగులు, బెల్లం. బండ్ల ముందు గుమ్మడికాయ పగలాల్సిందే. నేను పూజ చూసి తిరుపతికి పోయాను. బండిని మునిరత్నం ఇంకా అందంగా ముస్తాబు చేసి సాయంత్రానికి ఐరాల పంపించాడు.

విజయదశమి పొద్దున నేనూ మునిరత్నమూ తోటకు చేరేసరికి అక్కడ చిన్న తిరునాళ్లే జరుగుతోంది. పంపుసెట్టు గది ముందు రాజమ్మ మూడు రాళ్ల పొయ్యి వెలిగించింది. సన్నటి మనిషి, మాట తక్కువ. గోవిందస్వామి తెల్ల చొక్కా వేసుకుని, తోట అప్పుడే తనదైనట్టు ఒక్కో చెట్టు మొదలూ తట్టి చూస్తున్నాడు.

"బావా, యాడన్నా నిలబడితే సెప్పు, నా మేకల్ని తోలుతా. తాడు కట్టి లాగుతాయి" అన్నాడు.

"నీ మేకలకి ముందు నీ బీడీ మాన్పించు, దగ్గుతా ఉండాయి" అన్నాడు చెంగల్రాయుడు.

ఎసరు పొయ్యెక్కింది. బండి కదిలింది. కింది చెట్ల వరసల్ని బాణంలా దాటింది. నేను లోపల్లోపల ఎగురుతున్నాను. గుట్ట మొదలయింది, పావు ఎక్కింది, సగం ఎక్కింది. అప్పుడు ఇంజను ఒక్కసారిగా కేక పెట్టింది. ఆ కేకకు కాణిపాకం దాకా కాకులు లేచి ఉంటాయి. కేక పెరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. బెల్టు జారుతోంది. ఎండు బెల్టు అలా జారదు. తిరిగి మునిరత్నం మొహం చూశాను. ఆయన మొహం అప్పటికే గుమ్మడికాయలా పగిలి ఉంది.

"కవరు విప్పినావా?"

"పూజ కదా సార్. లోపల బెల్టు ఎండిపోయి ఉండె. బయట దేవుడికి అన్నీ పెట్టి లోపలోడికి ఏమీ పెట్టకపోతే ఎట్లా అని..."

"ఏం పెట్టినావు?"

"రెండు సుక్కలు నువ్వుల నూనె. గంధం. బొట్టు."

అంతా పుల్లీ పళ్లేలకూ, బెల్టు అంచులకూ. బెల్టు పట్టు అంతా ఆ అంచుల్లోనే ఉంటుంది, అక్కడ నూనె తగిలితే అది బెల్టు కాదు, జారుడుబల్ల. నేను గుట్టవైపు పరిగెత్తబోయాను. రాజమ్మ పొయ్యి ముందునుంచి లేవకుండానే అంది: "ఎవురూ పోగూడదు నాయనా. మాట మాటే." ఎసరు మరుగుతోంది. ఆమె రాగిపిండి అందుకుంది.

పోవద్దంది కానీ అరవద్దనలేదు. నా గొంతు సగం గుట్ట దాకా పోదు. మునిరత్నాన్ని ముందుకు తోశాను. నేను చెవిలో చెప్పడం, ఆయన గుట్టకు చెప్పడం.

"రాయుడన్నా! తప్పు నాదే. బెల్టుకి నూనె పూసింది నేనే. బండిది తప్పేం లేదు!"

పైనుంచి జవాబుగా వచ్చిన మాటలు రాజమ్మ ముందు రాయదగినవి కావు, మీ ముందూ కావు.

"సీటు కింద ఎనిమిదో నెంబరు బాక్సు స్పానరు ఉండాది. కవరు విప్పు!"

చెంగల్రాయుడు కాలు చాపుకుని బండి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఒక్కో బోల్టూ విప్పి జేబులో వేసుకోవడం మాకు కనిపిస్తోంది. తర్వాత కార్బురేటరు పైపు లాగి కండువా పెట్రోలుతో తడపమన్నాను. వెంటనే గుర్తొచ్చి ఆపించాను. ఇంజను కాలిపోతుంటే పెట్రోలు తాకిస్తే పందెంతోపాటు మనిషీ పోతాడు. చల్లారేదాకా ఆగాలి. గుట్ట మీద ఆయన, గుట్ట కింద మేము, మధ్యలో ఉడుకుతున్న సంగటి. నా ఉద్యోగంలో అంత పొడుగు పది నిమిషాలు మళ్లీ చూడలేదు.

గోవిందస్వామి కుండలోకి తొంగిచూసి, "అక్కా, కెలుకు" అన్నాడు. ఆమె తమ్ముడి వైపు ఒక చూపు చూసి, తన చేతి లెక్కలోనే తెడ్డు తిప్పింది. తొందరపడలేదు, నిదానించనూ లేదు.

ఇంజను చల్లారాక పైన ఆయన పండక్కి వేసుకున్న కొత్త కండువాను పెట్రోలుతో తడిపి, పుల్లీని చేత్తో తిప్పుతూ బెల్టు రెండు అంచులూ, పళ్లేలూ తుడిచాడు. ఎర్రటి కుంకుమ మరకలు మాకు కిందికి కనిపించాయి. గుడ్డకు ఇంకేమీ అంటకుండా అయ్యేదాకా తుడవమని చెప్పించాను. తుడిచాడు. ఆరనిచ్చాడు. కవరు బిగించాడు. అప్పటికి రాజమ్మ కుండ దించి, చెయ్యి తడి చేసుకుని మొదటి ముద్ద చేసింది. బండి స్టార్టయింది. సగం నుంచి పైతోటకు అది ఎక్కిన తీరు చూసి, పొట్టేలుతో పోల్చినందుకు దానికి క్షమాపణ చెప్పుకున్నాను. పైన చెట్ల మధ్య కనపడకుండా పోయి, మళ్లీ కనపడి, బ్రేకు పట్టుకుని నెమ్మదిగా దిగి వచ్చింది. ఆయన చేతిలో మామిడికొమ్మ, మోచేతుల దాకా మసి, మొహం మీద నూనె, కుంకుమ. పళ్లెంలో మూడు ముద్దలు, ఆవిరి కూడా తగ్గిపోయింది.

చెంగల్రాయుడు కొమ్మ ఆమె ముందు పెట్టి, "ఆలస్యమైపోయింది లేమ్మే. వాడికే ఇచ్చేయి" అన్నాడు. గోవిందస్వామి చొక్కా సర్దుకున్నాడు.

రాజమ్మ కొమ్మ తీసుకుని ఆకులు దులిపింది.

"నేను భయపడింది వేగానికి కాదు" అంది. "ఆ బండి ఎప్పుడో ఒకప్పుడు మధ్యలో నిలబడతాది. ఆ కాలితో ఈయన ఆడ కూలబడితే ఎవురు సూస్తారని. ఆగకుండా పోయి వచ్చుంటే ముద్దకు ముందే వచ్చినా గుత్తకే ఇచ్చుందును, ఏదో ఒక మాట సెప్పి. ఇప్పుడు సూసినా కదా. నిలబడింది, ఈయనే లేపుకున్నాడు. రా తమ్ముడా, సంగటి తిని పో."

ముద్దల్లో పెద్దది తెచ్చి మునిరత్నానికి పెట్టింది. ఆయన తలెత్తకుండా తిన్నాడు.

ఆ ఏడాది నుంచి మా బ్రాంచిలో ఆయుధపూజకు ముందు ప్రతి స్కూటరు బెల్టు కవరు మీదా కాగితం అతికించి నేను సంతకం పెట్టేవాణ్ణి. గంధం, కుంకుమ ఆ కాగితం వరకే. దానికన్నా ముఖ్యమైన మార్పు ఇంకొకటి చేశాను. బెల్టు బండి డెలివరీ ఇచ్చేముందు యజమాని చేత ఒకసారి కవరు విప్పించి, తుడిపించి, బిగింపించేవాళ్లం. వాళ్లలో సగం మంది విసుక్కునేవారు. బండి వేగం పెంచడం మెకానిక్ పని. ఆగిన బండిని తనంత తానే కదిలించుకోవడం బండివాడికి నేర్పకుండా చేసిన పనిని నేను ఆ తర్వాత పూర్తయిన పనిగా జాబ్ కార్డు మీద రాయలేదు.