బోథ్ బుడిపె మీద మీసం పందెం

బుచ్చిరాములు ఈ లోకంలో ఆఖరుగా తాగిన చాయ్‌లో సగం చెక్క తాగింది.

ఆ సాయంత్రం ఆయన మంథనిలో, బామ్మర్ది పరశురాములు కట్టెకోత మిషన్ దగ్గర కూర్చుని ఉన్నాడు. హైదరాబాదు నుంచి కొనడానికి వచ్చిన కుర్రవాడొకడు తుమ్మచెట్టు బుడిపెను కోసి తీసిన పలకను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. తనకు పంపిన వీడియోలో ఉన్నట్టు లేదన్నాడు. బుచ్చిరాములు చేతిలోని చాయ్ గ్లాసును పలక మీద వొంపి అరచేత్తో రుద్దాడు. తడి తగలగానే అంతవరకూ మట్టిరంగులో పడుకున్న చెక్కలోంచి సుడులు, కన్నులు, తేనెరంగు చారలు పైకి లేచాయి. కుర్రవాడు బేరం మాట మరిచిపోయి ఫోన్ తీసి ఫోటోలు కొట్టుకున్నాడు.

"బోరింగులో నీళ్లు లేవా? పాలు, చక్కెర పోసి చేసిన చాయ్ ఎందుకు దండుగ? బుద్ధి లేని మనిషి" అని పరశురాములు వెనకాల నిలబడి గొణిగాడు.

బుచ్చిరాములు చిరునవ్వు నవ్వాడు. ఎవరేమన్నా ఆయన అలాగే నవ్వేవాడు. ఆ ఓర్పును చుట్టుపక్కల వాళ్లు కథలుగా చెప్పుకునేవారు.

కుర్రవాడి చూపు ఈసారి షెడ్డు మూలన ఉన్న పెద్ద వేపబుడిపె మీద పడింది. కూర్చున్న ఎద్దంత ఉంది. దాన్ని అమ్ముతారా అని అడిగాడు. పరశురాములు బావకు ఎదురుగా వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని, గట్టిగా అడిగాడు.

"అడుగుతుండు. రేపు కోద్దామా బావా?"

"రేపు వద్దురా. బ్లేడుకు పదును లేదు" అని బుచ్చిరాములు కండువా దులుపుకుని లేచి ఇంటికి పోయాడు. మర్నాడు తెల్లవారాక లేవలేదు.

శవం పక్కన కూర్చుని ఏడుస్తున్నా పరశురాములు మనసులో ఒక ముల్లు కదులుతూనే ఉంది. పదును లేకపోవడమేమిటి? బ్లేడు సాన పట్టించి తెచ్చింది ఆ పొద్దుటే కదా!

బుడిపె అంటే చెట్టు మొద్దు మీద లేచే గడ్డ. రైతులకు అది చెట్టుకొచ్చిన రోగం. గొడ్డలికి లొంగదు, పొయ్యిలో పట్టదు. కానీ దాని లోపల చెక్క పోగులు తిన్నగా ఉండవు. మెలికలు తిరిగి, ముడులు పడి, పువ్వులా విచ్చుకుంటాయి. ఆ పువ్వు కోసమే పట్నంలో బల్లలు, గిన్నెలు, గడియారాలు చేసేవాళ్లు ఎగబడతారు. చిక్కేమిటంటే, కోస్తే తప్ప లోపల పువ్వుందో పుట్ట ఉందో తెలియదు. డొల్లయితే పెట్టిన పైసలు, ట్రాలీ కిరాయి, కోత కూలి మూడూ నేలపాలు.

ఆ తెలియనిదాన్ని తెలుసుకోవడంలో బుచ్చిరాములుకు పేరు. బొగ్గుబాయిలో, అంటే గనిలో, ఆయన పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేశాడు. అక్కడ పని మొదలుపెట్టే ముందు కప్పును కర్రతో కొట్టి వినాలి. గట్టి కప్పు కంగుమంటుంది, ఊడబోయేది డొల్లగా పలుకుతుంది. రిటైరై వచ్చాక అదే విద్యను బుడిపెల మీదికి తెచ్చాడు. చెట్టు దగ్గరికి పోయి "జర సప్పుడు జేయకున్రి" అనేవాడు. మేకలు కాసేవాళ్లు మేకల మూతులు పట్టుకునేవారు. చేతికర్రతో ఒక్క దెబ్బ కొట్టి, ఆ వెంటనే రెండడుగులు వెనక్కి దూకేవాడు. కప్పు కూలితే తప్పించుకోవాలన్న పాత అలవాటు అది. ఆకాశం కింద కూలడానికి ఏముంది? అయినా ఆయన దూకడం చూసి చుట్టూ ఉన్న రైతులూ దూకేవారు. ఒకసారి ఒక ముసలాయన దూకి బురదమడిలో పడ్డాడు.

దూకిన తరువాత బుచ్చిరాములు ఒక్క క్షణం పరశురాములు ముఖంలోకి చూసేవాడు. తర్వాత "గట్టి" అనో "డొల్ల" అనో తేల్చేవాడు.

ఆ చూపంటేనే పరశురాములుకు ఒళ్లుమంట. 'నీకేం తెలుసురా' అని జాలిపడుతున్నట్టు ఉండేది. కట్టెకోత మిషన్ తనది. పుట్టినప్పటి నుంచి కట్టెపొట్టులో పెరిగినవాడు తను. పేరు మాత్రం బాయిలోంచి పైకొచ్చిన బావది! నిజం చెప్పాలంటే దెబ్బ పడగానే పరశురాములుకూ లోపల ఏదో తోచేది. నోరు విప్పేలోపలే బావ చెప్పేసేవాడు. ఇంటికి వచ్చి అక్క కిష్టవ్వతో మొత్తుకునేవాడు.

"నేను గదే అందామనుకున్ననే అక్కా!"

"నువ్వెప్పుడు అనుకునుడే గదరా" అని కిష్టవ్వ నవ్వేది.

పెద్దపల్లి దారిలో ఇస్తారి అనే రైతు ఒకసారి మహా తెలివికి పోయాడు. డొల్ల బుడిపెలోకి తడిమట్టి, ఇటుకముక్కలు కూరి, పైన బెరడును జిగురుతో అతికించి, దాని మీద ఆవుపేడ కూడా రాశాడు. బుచ్చిరాములు కొట్టాడు, దూకాడు, బామ్మర్ది ముఖం చూశాడు.

"డొల్ల" అన్నాడు.

"ఎట్ల డొల్ల? నీకు మంత్రమొచ్చునా?" అని ఇస్తారి కోపంతో తనే గొడ్డలి ఎత్తి ఒక్కటి వేశాడు. లోపలి నుంచి ఇటుకముక్క వచ్చి అతని కాలి మీదే పడింది. ఆ రోజు నుంచి ఇస్తారి బుచ్చిరాములు కనబడితే చెప్పులు విడిచి దండం పెట్టేవాడు. పక్కనే ఉన్న పరశురాములుకు మాత్రం బీడీ అడగడానికి తప్ప ఎవరూ ఎదురొచ్చేవారు కాదు.

అంత పేరున్న మనిషి బామ్మర్ది లేకుండా గడప దాటేవాడు కాదు. పరశురాములుకు జ్వరమొస్తే బేరం వాయిదా. పెళ్లికి పోతే బేరం వాయిదా. "ఫోన్‌ల మాట్లాడి ఖాయం జేసుకో" అంటే "నాకు ఫోన్ పడదు" అనేవాడు. ఒక్కసారే ఒంటరిగా పోయాడు. పరశురాములు మనవరాలికి అక్షరాభ్యాసం చేయించడానికి బాసర పోయిన రోజున, ఎవరో వేరే వ్యాపారి వస్తున్నాడని తెలిసి తొందరపడి చింతబుడిపె ఒకటి కొన్నాడు. బ్రహ్మాండంగా ఉందని తెచ్చి మిషన్ ఎక్కించారు. రంపం పావు వంతు దిగిందో లేదో లోపలి నుంచి ఎర్రచీమలు పటాలంలా బయలుదేరాయి. మిషన్ నడిపేవాడు లుంగీ అక్కడే వదిలేసి బస్టాండు వైపు పరుగెత్తాడు. ఆ సాయంత్రం బుచ్చిరాములు ఒళ్లంతా సున్నం పూసుకుని కూర్చుని ఒకటే మాట అన్నాడు.

"నువ్వు లేక గిట్లయిందిరా పర్శా."

తప్పు చేసింది బావ, నెపం ఊళ్లో లేనివాడి మీద! పరశురాములు ఆ మాటను చాలాకాలం నమిలాడు.

పరశురాములు మీసం గురించి ఇక్కడ చెప్పాలి. ఇంట్లో దేవుడి పటానికి దీపం పెట్టడం మరిచినా ఆ మీసానికి కొబ్బరినూనె రాయడం మరిచేవాడు కాదు. దానికి వేరే దువ్వెన. కోత పని అయ్యాక కట్టెపొట్టు దులపడానికి వేరే బ్రష్. అది ఊరికే ఉండేది కాదు. తింటున్నా, పేపరు చదువుతున్నా కదులుతూనే ఉండేది. దాని ముందు బుచ్చిరాములు మీసం పెన్సిలుతో గీసి చెరిపినట్టు ఉండేది.

ఆ మీసాన్ని పరశురాములు బోథ్‌లో పందెం కాశాడు.

బోథ్ దగ్గర ఐలవ్వ అనే ఆమె చేన్లో గాలివానకు వేపచెట్టు కూలింది. కొమ్మలన్నీ పొయ్యిలోకి పోయాయి, బుడిపె మాత్రం మిగిలింది. అన్ని బుడిపెల్లోకీ పెద్దది. బుచ్చిరాములు కొట్టాడు, దూకాడు, ఎప్పటిలాగే బామ్మర్దిని చూశాడు. ఈసారి నవ్వాడు కూడా.

"గట్టిది. లోపల నిండ పువ్వే" అన్నాడు.

ఆ నవ్వు దగ్గర పరశురాములుకు తిక్క లేచింది. తన మనసుకు తోచింది కూడా అదే. అయినా ఇన్నేళ్ల కడుపుమంట నోట్లోంచి వచ్చింది.

"డొల్ల!"

"గట్టిదిరా."

"డొల్ల అంటున్న గద! గట్టిదైతే నా మీసం తీపిచ్చుకుంట. డొల్లయితే నువ్వు తీపిచ్చుకోవాలె!"

"ఆయనకు తీపిచ్చుకునేటందుకు ఏమున్నది దాదా?" అంది ఐలవ్వ, బుచ్చిరాములు మూతి వైపు పరీక్షగా చూసి. "అయినా నేను సాక్ష్యమున్న. కోసినంక ఒక్క పలక నాకు పంపున్రి, రొట్టెల పీటకు."

చిత్రంగా బుచ్చిరాములు ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"మీసం జోలికెందుకురా? కోడిపుంజు కాయి. మేకపోతు కాయి."

"భయమైతుందా?"

"గది కాదురా..."

"మీసమే!" అన్నాడు పరశురాములు. బావ మొదటిసారి తడబడటం చూసి అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

బుడిపె మంథనికి వచ్చింది. కోత మాత్రం జరగలేదు. మొదట పచ్చి ఆరాలన్నాడు బుచ్చిరాములు. అది నిజమే, పగలకుండా అంచులకు పాత రంగు పూసి నీడన పెట్టారు. ఆరాక అమావాస్య అన్నాడు. అమావాస్య పోయాక కరెంటు సరిగా లేదన్నాడు. ఎండాకాలంలో కోస్తే పలక పగులుతుందని, వానాకాలంలో కోస్తే బూజు పడుతుందని, చలికాలంలో తన నడుము నొస్తుందని అన్నాడు. ఏళ్లు గడిచాయి. బుడిపె షెడ్డులో అందరూ కూర్చునే అరుగు అయింది. ఐలవ్వ రెండుసార్లు మనిషిని పంపి రొట్టెల పీట సంగతి అడిగించింది.

"ఓడిపోతవని ఎరుక నీకు" అని పరశురాములు బావ వెనక నిలబడి రోజూ అనేవాడు. "బాయిల నేర్సిన విద్య బాయిలనే ఒడిసింది." బుచ్చిరాములు వెనక్కి తిరిగేవాడు కాదు. ఆ ఓర్పు చూసి పరశురాములుకు మరింత మండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బావ "నువ్వే కరెక్టురా" అంటే చాలు. అంతకన్నా అతనికి ఏమీ అక్కరలేదు.

ఆ మాట వినకుండానే బావ పోయాడు, కర్మ దినాలూ ముగిశాయి. చుట్టాలు భోజనాల దగ్గర ఉండగా పరశురాములు ఒక్కడే షెడ్డుకు పోయి, మిషన్ ముందు కొబ్బరికాయ కొట్టి, నలుగురు హమాలీలను పిలిచి బుడిపెను ఎక్కించాడు. డొల్లయితే బాగుండునని అతని ఆశ. బావ పోయాడు గనుక మీసం తీయించుకునే బాధ ఎవరికీ లేదు. ఒక్కసారి గెలిచినట్టుంటుంది, అంతే.

రంపం కూనిరాగం తీసుకుంటూ ఒక్క తీరుగా దిగింది. మొదటి పలక పక్కకు ఒరిగింది. పరశురాములు చేతిలో ఉన్న చాయ్ ఆలోచించకుండా దాని మీద పోసి రుద్దాడు.

చీమ లేదు, పుట్ట లేదు, వేలు పట్టే సందు లేదు. అంచు నుంచి అంచు దాకా పువ్వే.

అతను మిషన్ ఆపించాడు. తరువాత మంగలి షాపుకు పోయాడు. "వేళాకోళమా పటేలా?" అని మంగలి మూడుసార్లు అడిగి కత్తి అందుకున్నాడు.

అక్క ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్లు అతని ముఖం చూసి ఒక్కసారిగా ఘొల్లుమన్నారు.

"బావ కోసం మీసం తీసిండే! గిసుంటి బామ్మర్ది ఎవలకున్నడే!"

"బావ కోసం కాదు, పందెం ఓడిన" అన్నాడు పరశురాములు.

"అయ్యో, దుఃఖంతోని ఏమేమో మాట్లాడుతుండు బిడ్డ!" అని వాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు. ఇస్తారి వచ్చి, చెప్పులు విడిచి, మొదటిసారి పరశురాములుకు దండం పెట్టాడు. అతను ఎంత విడమరచి చెప్పబోయినా ఎవరూ చెప్పనివ్వలేదు.

కిష్టవ్వ మాత్రం ఏడవలేదు. తమ్ముడి ముఖాన్ని కాసేపు చూసింది. భర్త పోయిన తరువాత మొదటిసారి నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"కోసినవా?"

"కోసిన. గట్టిదే. పువ్వే. మీ ఆయన చెవులే చెవులు అక్కా, నేను ఒప్పుకుంటున్న. గా మాట ఆయన ఉన్నప్పుడే అంటే బాగుండు."

"చెవులేడియిరా?"

పరశురాములుకు అర్థం కాలేదు.

"మీ బావకు చెవులు పోయి ఎన్నేండ్లాయెరా. బాయిల ఉన్నప్పుడే వోయినయి. ఎదురుంగ నిలవడి మొత్తుకుంటే అందుకునేటోడు, ఎనుక నుంచి అంటే ఒక్క ముక్క వినొచ్చేది గాదు. సప్పుడు జూసేటోనికి చెవుల్లేవంటే నలుగురు నవ్వుతరని నాతోని ఒట్టేయించుకున్నడు."

పరశురాములు మనసులో లెక్క వేసుకున్నాడు. వెనక నిలబడి ఇన్నేళ్లు తను గొణిగిన మాటలన్నీ గాలికి పోయాయన్నమాట.

"మరి గట్టి, డొల్ల అని ఎట్ల చెప్పేటోడు?"

"నిన్ను జూసి" అంది కిష్టవ్వ. "ఆయన కొట్టేటోడు, వినేటోనివి నువ్వు. గట్టిదైతే నీ మీసం రెండు దిక్కుల లేస్తదంట. డొల్లయితే పడుతదంట. బోథ్ నుంచి అచ్చిన రోజు పొట్ట వట్టుకొని నవ్విండు. 'మీసం అంతెత్తు లేసింది, నోరు డొల్ల అంటుంది' అన్నడు. ఎంటనే ఫికర్ వెట్టుకున్నడు. 'గా గడ్డ కోస్తే నేనే గెలుస్తనే కిష్టా, గెలిస్తే వాని మీసం పోతది, మల్ల నాకు గడ్డలెట్ల ఎరుకైతయి?' అన్నడు."