మీట గొడుగు

మొన్న అటక దులుపుతుంటే మీట గొడుగు చేతికి తగిలింది. నొక్కాను. టప్పున విచ్చుకుని, దాచుకున్న దుమ్మంతా నా నెత్తిన కుమ్మరించింది. ఇరవై ఏళ్లయినా దాని పొగరు తగ్గలేదు. నాదే కొంచెం తగ్గింది.

మా పెద్దల వైభవంలో మాకు మిగిలింది ఒక్క మర్యాద. భూములు పోయాయి, గుర్రాల సావిడి కూలింది. అయినా శ్రీరామనవమి ఎండలో మా ఊరి రాములవారి పల్లకి లేస్తే, గొడుగు పట్టేది పెద్దవాటా వాళ్లమైన మేమే. మేము గొడుగు తేలేని ఏడు ఆ హక్కు చిన్నవాటాకు పోతుందని కట్టుబాటు. అందుకే ఆ వాటా చిన్నాయన ఏటా తన గొడుగు చంకన పెట్టుకుని, మా కడప సీమలో చైత్రమాసాన వాన కోసం అన్నట్టు నిలబడేవాడు.

ఆ ఏడు పండగ ముందురోజు పెట్టె తెరిస్తే స్వామికి పట్టే పట్టుగొడుగును ఎలుకలు కొరికేసి ఉన్నాయి. ఊచలే మిగిలాయి. కడపకు పరుగెత్తాను. బజారులోకి బొమ్మలు, టార్చిలైట్లు, గడియారాలు చైనావి కుప్పలుగా దిగుతున్న రోజులవి. ఆ సరుకు మా గడప తొక్కకూడదని ఇంట్లో ఉత్తర్వు జారీ చేసిందీ నేనే. శెట్టి అంగట్లో మీట నొక్కితే తెరుచుకునే ఎర్ర గొడుగు ఒక్కటే ఉంది. చైనాదా అని అడిగాను.

"చైనాది కానిది యాడుండాదప్పా ఇప్పుడు? మీ చేతి గడియారం తిప్పి సూడండి."

తిప్పి చూడకుండానే డబ్బులిచ్చి గొడుగు తీసుకున్నాను.

ఇంట్లో నాయనమ్మకు, మా జేజికి, చెప్పక తప్పలేదు. ఆమె గొడుగు తడిమి నవ్వింది. "ఎలకలు తిన్న గుడ్డ ఏందనుకున్నావు నాయనా? చీనాంబరం. మా మామ మద్రాసు నుంచి తెప్పిచ్చినాడు. ఆ పొద్దు దేవునికి పనికొచ్చింది, ఇప్పుడేమొచ్చె?"

మరునాడు పల్లకి దగ్గర చిన్నాయన రెండడుగులు ముందుకేశాడు. "ఏమప్పా, పట్టుగొడుగు యాడ?"

వెన్ను నిటారుగా పెట్టి మీట నొక్కాను. గొడుగు దానంతటదే విచ్చుకునేసరికి బోయీలు ఉలిక్కిపడ్డారు. స్వామి కొంచెం ఊగాడు. పూజారి మంత్రం ఆపి, "ఇంకోసారి తెరువప్పా" అన్నాడు. ఆపైన ప్రతి వాకిట్లోనూ అదే కోరిక. హారతి కన్నా ముందు గొడుగే. గుడి చేరేసరికి వడపప్పు ఎండిపోయింది.

చివరికి చిన్నాయన పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ఒక్కతూరి నేనూ నొక్కుతా."

పట్టుకోవడం మా హక్కు. నొక్కడం గురించి కట్టుబాటులో ఏమీ లేదు కనుక ఇచ్చాను. ఆయన ముఖం అంతగా విప్పారడం అంతకుముందు నేను చూడలేదు. మరుసటి ఏడు ఆయన చంకలోనూ మీట గొడుగే.

జేజీ, చిన్నాయనా ఇప్పుడు లేరు. అటక కింద దుమ్ము దులుపుకుంటూ అనుకున్నాను: ఇరవై ఏళ్లుగా మడతపడి ఉన్న కాలం విచ్చుకోవడానికి ఒక్క నొక్కు చాలింది.